తాడు విప్పుతూ నవ్వాడు

సోమవారం

గాలి సంగతి తర్వాత. ముందు ఇది రాసుకో. నా తమ్ముడు అబ్బులు నా తాడు విప్పుతూ నవ్వాడు. జరిగి పదకొండేళ్లయింది. నేను మర్చిపోలేదు.

ఒక కడుపున పుట్టినవాళ్లం. నీళ్ల మీద తేలే మా ఇళ్లు, నా పంటూ వాడి పంటూ, పక్కపక్కనే తాడుతో కట్టుకుని, ఒకడి పొయ్యి పొగ ఇంకొకడి కళ్లలో పడేంత దగ్గరగా బతికినవాళ్లం. రక్తం పంచుకున్నవాళ్లు ఒకరికొకరు తాడు కట్టుకోకూడదని కచేరీవాళ్లు నిబంధన పెట్టిన రోజున ఊరంతా మొహాలు వేలాడేసుకుని ముళ్లు విప్పుకుంటుంటే, వీడొక్కడే పళ్లు బయటపెట్టాడు. నేను నా పంటు అంచున నిలబడి చూశాను. ముడి ఊడింది, తాడు నీళ్లలో పడింది, వాడు నవ్వాడు. మర్నాడే వెళ్లి ఆ ఓబులమ్మకు తాడిచ్చి అక్కా అని పిలిచాడు.

ఓబులమ్మ ఎవరు? మాకేమీ కాదు. అనంతపురం వైపు మనిషి. అక్కడ నీళ్లు లేక, నీళ్లు తప్ప ఏమీ లేని మా చోటికి వచ్చింది. వచ్చిన కొత్తలో పంటు మీద నిలబడటం చేతకాక పాకుతూ తిరిగేది. అలాంటి మనిషి ఇవాళ నా తమ్ముడికి అక్క. వాడికి స్వంత అన్న ఒకడున్నాడని ఊళ్లో సగం మందికి తెలియదు.

గాలి ఈశాన్యం, మెల్లగా ఉంది. నీరు పోటు మీద ఉంది. గొడ్డలి గుమ్మం పక్కనే ఉంది, పదునుంది. తాడు ట్యాంకుకే ఉంది.

ట్యాంకంటే మా ఊరి మంచినీళ్ల ట్యాంకు. ఊరు మునిగింది, లంకలన్నీ మునిగాయి, మేం పంట్లు ఒకదానికొకటి కట్టుకుని కట్టూరయ్యాం, దాని నెత్తి మాత్రం ఇంకా నీళ్ల పైన ఉంది. దానికి మా నాన్న కాంక్రీటు మోశాడు. ఒంటరివాళ్లు మనిషికి బదులు స్తంభానికి కట్టుకోవచ్చని నిబంధనలో ఒక వెసులుబాటు ఉంది. నా పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. అందుకని ట్యాంకుకు కట్టుకున్నాను. ట్యాంకు నన్ను చూసి నవ్వదు.

రోజూ గాలి, నీరు, తాడు, గొడ్డలి సంగతి చెప్పమని కచేరీవాళ్లు ఇచ్చిన ఈ చిట్టా పెట్టె నేను చెప్పిందల్లా నా యాస తీసేసి పుస్తకం భాషలో రాసుకుంటుంది, ఎవరైనా అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచుతుందట. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి ఏం రాసిందో చూసుకోలేను. తిట్లు కూడా రాస్తుందనే అనుకుంటున్నాను.

మంగళవారం

గాలి, నీరు నిన్నటిలాగే. తాడు గురించి చెప్పడానికి చాలా ఉంది.

తాళ్ల ఇనస్పెక్టరు వచ్చింది. పేరు షమీమ్, చిన్నపిల్ల. మోటారు పడవలో ట్యాంకు చుట్టూ తిరిగి, సుత్తితో స్తంభం మీద కొట్టింది. అరచేయంత పెచ్చు ఊడి నీళ్లలో పడింది. లోపల ఇనుము తినేసిన చెరుకు పిప్పిలాగా ఉంది. ఎర్రరంగు డబ్బా తీసి స్తంభం మీద అడ్డంగా గీత కొట్టింది. ఇక దానికి ఎవరూ కట్టుకోకూడదట.

దీపావళి అమావాస్యలోగా ఒక మనిషికి తాడివ్వాలనీ, ఇవ్వకపోతే పంటును కచేరీ స్వాధీనం చేసుకుని నన్ను గుట్ట మీది పాకలకు పంపిస్తుందనీ చెప్పింది. గుట్ట పాకలు నాకు తెలుసు. రేకుల షెడ్లు, వరసగా మంచాలు, కాళ్ల కింద కదలని నేల. అక్కడికి వెళ్లినవాళ్లు మంచం దిగడం మానేస్తారు. నేను నీటి మీద పుట్టలేదు గానీ నీటి మీదే పోతాను.

ఆ పిల్ల నన్ను తాతగారూ అంది. నేను ఊరుకోలేదు.

"నీకు తాతనెప్పుడయ్యేనమ్మా? మీ అమ్మమ్మని నేను చేసుకోలేదే?"

ఆ పిల్లకు కోపం రాలేదు. రంగుడబ్బాకు మూత బిగిస్తూ, "కట్టూళ్లో ప్రతివాళ్లూ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అవుతారు తాతగారూ. మీరే ఎవరికీ ఏమీ కాలేదు" అంది.

నిబంధన ఎందుకు పెట్టారో నాకు తెలియక కాదు. పెద్దగాలి వచ్చిన ఏడు మా పెదనాన్నగారి కుటుంబం మూడు పంట్లు ఒకదానికొకటి కట్టుకుని ఉన్నారు. మొదటి పంటులోకి నీరెక్కింది. తాడు కోసేస్తే మిగతా రెండూ తేలేవి. కొడుకు తండ్రి తాడు కొయ్యలేదు, తమ్ముడు అన్న తాడు కొయ్యలేదు. గొడ్డళ్లు చేతిలో పట్టుకుని అందరూ కలిసి వెళ్లిపోయారు. ఊళ్లో అలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. అప్పటినుంచి తాడు పరాయివాళ్లకే ఇవ్వాలి. ఇచ్చేవాడు వరస పెట్టి పిలవాలి, అవతలివాళ్లు తిరుగు వరసతో పిలవాలి. మునిగితే కోస్తావా అని అడగాలి, కోస్తాను అని చెప్పాలి. అప్పుడే ముడి. గాలి లేని నెలల్లో వాళ్లు నిజంగా చుట్టాల్లాగే ఉండాలి, జ్వరం వస్తే గంజి కాయాలి, పెళ్లికి పిలవాలి, చస్తే మైల పట్టాలి.

కొయ్యడానికి పరాయివాణ్ణి పెట్టుకోమన్నారు, సరే. వాణ్ణి నెత్తిన పెట్టుకోమని మా అబ్బులుకు ఎవరు చెప్పారు?

బుధవారం

గాలి ఈశాన్యం. నీరు వెనక్కి తీస్తోంది. తాడు ఎర్రగీత కొట్టిన ట్యాంకుకే.

పొద్దున కరెంటిచ్చే ఎండపలకల మీద ఉప్పు తుడిచాను. పంటు అడుగున పట్టిన గుల్లలు గీకాను. ఇవి చేస్తున్నంతసేపూ ఓబులమ్మ పంటు కనబడుతూనే ఉంటుంది, చూడకుండా ఉందామన్నా అటే ఉంటుంది.

అబ్బులు అక్కడే తిన్నాడు. రాగి సంకటి, చేపల పులుసు. వాడికి చిన్నప్పుడు రాగి జావ పోస్తే మా అమ్మ మీద ఉమ్మేశాడు. ఇప్పుడు ముద్ద గుండ్రంగా చేసి, గుంట పెట్టి, పులుసు పోసుకుని, కళ్లు మూసుకుని మింగుతున్నాడు. తిన్నాక ఆ మనిషి తాళ్లకు తారు పూశాడు. నా తాళ్లకు వాడు ఏనాడైనా పూశాడా? పూస్తానని రెండుసార్లు వచ్చాడు, నేనే వద్దన్నాను. వద్దంటే మానెయ్యడమేనా?

ఓబులమ్మ పంటుకు రెండు కొక్కేలు. ఒకటి అబ్బులుది. రెండోదానికి కట్టుకున్న ముసలామె పోయిన ఎండాకాలం కాలం చేసింది. ఆ కొక్కెం ఖాళీగా ఉంది. దాని మీద ఇప్పుడు ప్రకాశం కన్ను పడింది. ప్రకాశమంటే ఎండపలకల మేస్త్రీ, నలభై ఏళ్లుండవు, వెంట్రుకలకు నూనె రాసుకుంటాడు. తాటిబెల్లం పట్టుకుని వచ్చాడు. పిన్నీ అని పిలిచాడట. ఆమె ఇంకా తిరుగు పిలవలేదట, ఆలోచిస్తానందట. అబ్బులే వచ్చి చెప్పాడు. చెప్పి, నా మొహం కేసి చూశాడు.

నాకెందుకు చెప్పడం? ఆ కొక్కెం ఎవడికైనా ఇచ్చుకోనీ. కానీ తాటిబెల్లానికి లొంగే మనిషి రేపు గాలిలో ఏం నిలబడుతుంది? ప్రకాశానికి మంచి పంటు ఉంది, చేతిలో పని ఉంది, ఎక్కడైనా కట్టుకోవచ్చు. సరిగ్గా అక్కడికే రావాలా వాడు?

గురువారం

గాలి తిరుగుతోంది. నీటి రంగు బాగోలేదు.

ట్యాంకును నేను వదలను. పాత పంటు నుంచి ఊడదీసిన ఇనుప పట్టీ ఒకటి ఉంది. దాన్ని స్తంభానికి చుట్టి బిగిస్తాను. ఇనస్పెక్టరు పిల్ల మళ్లీ వచ్చి సుత్తితో కొట్టి చూసుకోవచ్చు. రేపు పని.

అబ్బులు విని, "అన్నయ్యని ఒద్దనండి, అది ఆయన మీదే పడతాది" అన్నాడట పక్క పంటువాళ్లతో. నాతో అనలేదు. నాతో అనడానికి మొహం చెల్లలేదు కాబోలు.

శుక్రవారం

గాలి, నీరు, తాడు, గొడ్డలి అన్నీ ఒక్క దెబ్బకు చెబుతాను.

మధ్యాహ్నం భోజనం చేసి పట్టీ తీసుకుని చిన్న తెప్ప మీద ట్యాంకు దగ్గరకు వెళ్లాను. ఎండ కాస్తోంది. స్తంభానికి పట్టీ చుట్టి బోల్టు బిగిస్తున్నాను. దక్షిణం నుంచి ఉన్నట్టుండి గాలి లేచింది. నా పంటు తాడు గుంజింది, స్తంభం మీద నుంచి మంచమంత ముక్క ఊడి నీళ్లలో పడింది. తెప్ప తిరగబడింది. నేను పడ్డాను. తాడు వదులై, బిగిసి, నా ఎడమకాలికి చుట్టుకుంది. ఒక వైపు ట్యాంకు, ఒక వైపు పంటు, మధ్యలో నా కాలు.

అప్పుడు అరిచాను. ఏమని అరిచానో ఊరంతా విన్నది కాబట్టి నేను దాచలేను.

అక్కా అని అరిచాను.

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. పదకొండేళ్లుగా మా తమ్ముడు పొద్దున్నా సాయంత్రమూ ఆ పిలుపు పిలుస్తుంటే నా చెవుల్లో పడి పడి నాలుక మీదకు దిగినట్టుంది. పైగా ఆమె నాకన్నా తొమ్మిది పదేళ్లు చిన్నది.

ఆమె వచ్చింది. చీర కుచ్చిళ్లు నడుముకు దోపుకుని తన పడవలో వచ్చింది. తన పంటు తాడు చివర నా పంటు కొక్కేనికి తగిలించింది. తర్వాత గొడ్డలి ఎత్తి ట్యాంకు తాడు కోసేసింది. రెండు దెబ్బలు. అడగలేదు, ఆలోచించలేదు. మా ఊరి ట్యాంకుకూ నాకూ మధ్య ఉన్న తాడు నీళ్లలో పాములాగా పోయింది. నా కాలు వదులైంది.

నన్ను చొక్కా పట్టుకుని పడవలోకి లాగి, "కాలు కదులుతాందా లేదా సూడప్పా" అంది. అంతే. అప్పా అన్నది వరస కాదు, వాళ్ల వైపు దారినపోయేవాణ్ణి కూడా అలాగే అంటారట.

ఆమె తిరుగు పిలవలేదు.

గాలిలో తాడు మీద వరస పెట్టి పిలిస్తే అడిగినట్టే లెక్క. అది అందరికీ తెలుసు. అవతలివాళ్లు పిలిచేవరకూ అది గాలితాడు, అమావాస్యతో దాని గడువు తీరిపోతుంది. ఇప్పుడు నా పంటు ఓబులమ్మ రెండో కొక్కేనికి వేలాడుతోంది, పేరు లేకుండా.

శనివారం

గాలి తగ్గింది. కాలు వాచింది.

ఊరు నవ్వుతోంది. చేపల పంటువాడు నాకు మామూలుకన్నా పెద్ద చేప ఇచ్చి, అక్కగారికి కూడా పంపమన్నాడు. మంచినీళ్ల మర దగ్గర ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూసి, తమ్ముడు చాలా ముదురు అనుకున్నారు. ప్రకాశం నా పంటు ముందు నుంచి పడవ వేసుకుని వెళ్లాడు. ఈసారి బెల్లంతో పాటు నువ్వులు కూడా పట్టుకెళ్లాడు.

సాయంత్రం అబ్బులు వచ్చాడు. నా కాలికి ఆముదం రాసి పసుపు కట్టాడు. నేను వద్దనలేదు, కాలు వాచింది కదా. వాడు కట్టు కడుతుంటే అడిగాను. పదకొండేళ్లలో మొదటిసారి అడిగాను.

"ఆవేళ నా తాడు విప్పుతా ఎందుకు నవ్వేవు?"

వాడు గుడ్డ మీద గుడ్డ చుట్టాడు.

"నవ్వేనా? నవ్వే ఉంటాన్లే అన్నయ్యా. అంతకుముందు గాలి లేచినప్పుడల్లా గొడ్డలి ఒళ్లో ఎట్టుకుని నీ పంటు కేసే చూస్తా కూర్చునేవోణ్ణి. నీ తాడు నేను కొయ్యలేనని నాకు తెల్సు. నా పెళ్లాం, పిల్లలు నాతో పాటు పోతారనీ తెల్సు. ముడి ఊడిపోయేక, ఇంక ఆ పని నాది కాదనిపించింది. ఒళ్లు తేలికైపోయింది. అంతే."

"మరి ఓబులమ్మ నీ తాడు కోత్తాదా?"

"కోత్తాది. మొహమాటం లేదు. అందుకే నాకు నిద్ర పడతాది. అక్క నాకు అక్కడ అన్నం పెడితే ఇక్కడ నీకు తగ్గిపోద్దా అన్నయ్యా? నువ్వు రానిత్తే కదా నేను రావడానికి?"

సమాధానం బాగానే ఉంది. అయినా ఈ మాట పదకొండేళ్ల కిందటే వచ్చి చెబితే వాడి సొమ్మేం పోయింది? నేను అడగలేదు కాబట్టి చెప్పలేదట. నవ్వినవాడు చెప్పాలి, చూసినవాడు అడగాలా?

వాడు వెళుతూ వెళుతూ ఆమె దగ్గర ఆగి ఏదో చెప్పాడు. ఇద్దరూ నా వైపు చూశారు. ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు. వాళ్లిద్దరి మధ్య మాటలు నాకు తెలియకపోవడం కొత్త కాదు గానీ, ఈసారి అది నా సంగతి. నా సంగతి కూడా నాకు తెలియకుండా మాట్లాడుకుంటున్నారు.

ఆదివారం

గాలి దక్షిణం, కొద్దిగా. నీరు మామూలు. తాడు గాలితాడు.

నేనే అడగడానికి వెళ్లాను. కుంటుతూ పంట్ల మధ్య వేసిన చెక్క మీద నడిచి ఆమె పంటు ఎక్కాను. పదకొండేళ్లలో ఆ పంటు మీద కాలు పెట్టడం ఇదే. శుభ్రంగా ఉంది. ఒక మూల పాత డబ్బాలో మట్టి పోసి కంది మొక్క పెంచుతోంది. ఉప్పుగాలికి ఆకులు మాడుతున్నా దానికి నీళ్లు పోస్తోంది, తాగే నీళ్లు.

ప్రకాశానికి ఏం చెప్పావని అడిగాను. ఇంకా చెప్పలేదంది. నాకేం చెబుతావని అడిగాను. సంకటి గెలకడం ఆపలేదు.

"గాలిలో అరిసిన అరుపుకి నేను బదులు పలకను. అరిసింది నువ్వా, నీ బయమా, నాకేం తెలుసప్పా? గాలి లేనప్పుడు పిలువు. అప్పుడు సూస్తా."

మరి అబ్బులు పిలిచినప్పుడు వెంటనే పలికావు కదా అన్నాను. వాడు మంచి ఎండలో, నవ్వుతూ వచ్చి పిలిచాడంది. 'నవ్వుతూ' అంది చూడు, ఆ మాటే వాడింది.

అప్పుడు అర్థమైంది. ఆమెకు నా కక్ష తెలుసు. ఎలా తెలుసని అడిగాను. గుమ్మం లోపలి పెట్టె వైపు చెయ్యి చూపించింది. కట్టూళ్లో ఎవరి చిట్టా అయినా ఎవరి పెట్టెలోనైనా వినొచ్చు. అది నాకూ తెలుసు. నాది ఎవరు వింటారులే అనుకున్నాను. తాడున్నవాళ్ల చిట్టా వాళ్ల తాడుచుట్టం వింటాడు. ట్యాంకు వినదు కదా.

"ట్యాంకుకి చెవులుండవు. ఎవరో ఒకరు ఇనాల గదా? పొద్దుగూకినాక ఇనేదాన్ని. గాలి, నీరు చెప్పి ఊరకుండవు నువ్వు, నన్ను తిట్టేది అయినాకే పండుకుంటావు. ఒగ దినం నువ్వు తిట్టలేదు, జొరమొచ్చిందేమోనని అబ్బులును పంపించినాను."

ఆ రోజు నాకు గుర్తుంది. నిజంగానే జ్వరం. అబ్బులు గంజి పట్టుకుని వచ్చాడు. వాడంతట వాడే వచ్చాడనుకుని లోపల సంతోషపడి, పైకి మాత్రం గంజి పలచగా ఉందని తిట్టి పంపాను.

సంకటి పెట్టింది. వద్దన్నాను. పళ్లెం నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. చల్లారిపోతుందని తిన్నాను. బాగుందో లేదో ఈ పెట్టెలో చెప్పను, ఆమె వింటుంది.

సోమవారం

గాలి లేదు.

పొద్దుటినుంచీ చూస్తున్నాను. ఆకు కదలడం లేదు, ఆమె కంది ఆకుతో సహా. నీరు పళ్లెంలో పోసినట్టుంది. గొడ్డలి పదునుంది. నా కాలు కింద ఆనుతోంది. ఎవరూ మునగడం లేదు, నాకు భయం లేదు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో నీకు తెలుసు, వింటున్నావు కాబట్టి.

ఓబులమ్మా, ఇది నీకే.

నీ పంటు మీదకు వచ్చి నిలబడి అడిగే మనిషిని కాను నేను. వచ్చాను ఒకసారి, మాట బయటికి రాలేదు, సంకటి తిని వచ్చేశాను. ఈ పెట్టె ముందైతే నాకు అలవాటు. పదకొండేళ్లు ఇందులో నిన్ను తిట్టాను, పిలుపు కూడా ఇందులోనే పిలుస్తాను. ఊరు వింటే విననీ.

అక్కా.

నీకన్నా పెద్దవాణ్ణని తెలుసు. నోరు జారిన మాటే గానీ వెనక్కి తీసుకోను. నువ్వు తమ్ముడూ అని పిలిస్తే ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది, నవ్వనీ. అన్నా అని పిలుస్తానన్నా నాకు సమ్మతమే. కానీ అబ్బులును ఎంత గట్టిగా పిలుస్తావో నన్నూ అంతే గట్టిగా పిలవాలి, ఒక పిసరు తగ్గకూడదు. వాడికి రెండు ముద్దలు పెట్టి నాకు ఒకటి పెడితే నేను చూస్తాను. నాకు అదే పని.

ప్రకాశం మంచివాడే. కాదనను. వాడికి ఎక్కడైనా కొక్కెం దొరుకుతుంది. వాడి చిట్టా వినడానికి వాడికి మనుషులున్నారు. నాకు ట్యాంకు ఉండేది, దాని తాడు నువ్వు కోసేశావు. అడగకుండా కోశావు. నన్ను బతికించడానికే కోశావు, సరే, ఆ తర్వాత సంగతి కూడా నువ్వే చూడాలి కదా. అమావాస్య దాటితే నా పంటు తాడు విప్పేస్తావు. నా తాడు విప్పిన మనిషి ఒకడు చాలు నాకు. రెండో మనిషివి నువ్వు కాకు.

అడగవలసిన మాట కూడా అడుగుతున్నాను, పద్ధతి ప్రకారం. నేను మునిగితే కోస్తావా? కోస్తావని నాకు తెలుసు, రెండు దెబ్బల్లో కోస్తావు, చూశాను. కొయ్యి. వెనకాడకు. నీ పంటు తేలాలి, దానికి కట్టుకున్న మా అబ్బులు పంటు తేలాలి. కోసేటప్పుడు మాత్రం నవ్వకు.

నాది కూడా చెబుతాను. నీ పంటు మునిగితే నీ తాడు కోస్తానో లేదో నాకింకా తెలియదు. ఇంతకుముందైతే సంతోషంగా కోసేవాణ్ణి. ఇప్పుడు అడిగితే చెప్పలేకపోతున్నాను, దీనికి మందేదైనా ఉంటే ఆలోచించు.

అమావాస్య శనివారం. నేను అంతవరకూ ఆగను, చివరి రోజున ముష్టి పడేసినట్టు పిలిస్తే నాకు వద్దు. శుక్రవారం పొద్దు గూకేలోపు నీ పంటు అంచుకు వచ్చి, నా వైపు తిరిగి, నోటితో పిలవాలి. పెట్టెలో చెబితే ఒప్పుకోను. అబ్బులుతో కబురు పంపినా ఒప్పుకోను. ఒకసారి పిలిచి లోపలికి వెళ్లిపోకు, రెండోసారి కూడా పిలువు, ఈ మధ్య ఎడమ చెవి సరిగ్గా వినబడటం లేదు. నేను బయటే కూర్చుని ఉంటాను. గుల్లలు గీకుతున్నట్టు కనబడతాను గానీ, వింటూనే ఉంటాను.

శుక్రవారం. పొద్దు గూకేలోపు.